అటికమామిడి కాడ

లాజరు ఎడమ చెవి పోయింది ఒక మంగళవారం మధ్యాహ్నం, రెండున్నర దాటాక. పందొమ్మిది వందల నలభై మూడు, నవంబరు. తారీకు కూడా నాకు గుర్తే గాని పైకి అనుకోను, అనుకుంటే అదేదో ఎవరికో జరిగిన సంగతిలా అయిపోతుంది. యూనివర్సిటీ కిటికీలకు అప్పుడు యుద్ధం కోసం నల్లకాగితం అంటించారు. మైక్రోస్కోపు అద్దాలకి వెలుగు కావాలి గనక పగలు దాన్ని సగందాకా చుట్టి తాడుతో పైకి కట్టేవాళ్ళం. ఆ సగం వెలుగులో మాణిక్యాలరావు మాస్టారి చెయ్యి లేచింది. రెండు దెబ్బలు. మొదటి దెబ్బకి లాజరు కదల్లేదు. రెండో దెబ్బకి అతని వెనకాల స్టూలు పడింది. ఆ చెవితో తను విన్న ఆఖరి చప్పుడు ఆ స్టూలుదేనని తరవాతెప్పుడో మామూలుగా, పెన్సిలు పోయిందని చెప్పినట్టు, నాతో చెప్పాడు.

ఆ మాస్టారు ఈ వేళ తెల్లవారేసరికి మామిడికుదురులో పోయారు. నేను అమలాపురంలో హైస్కూలు మాస్టర్ని, రెండో పీరియడులో ఉండగా కబురు వచ్చింది. బోర్డు మీద సగం గీసిన మందారపువ్వుని అలాగే వదిలేసి, చేతులకున్న సుద్దయినా కడుక్కోకుండా సైకిలెక్కి బోడసకుర్రు రేవుకి వచ్చాను. వచ్చేసరికి పాటు. వైనతేయ నీళ్ళు సముద్రం వైపు లాక్కుపోయి రేవులో బురద తేలింది, పడవ ఒక పక్కకి ఒరిగి పడుకుంది. మాస్టారిని పన్నెండున్నరకి ఎత్తుతారట. ఇప్పుడు పదకొండు కావస్తోంది. పోటు రావడానికి గంట పడుతుందని పడవ సూరయ్య అన్నాడు. “గంటేనండి మేష్టారూ. మనం కంగారుపడితే నీరు కంగారుపడదు కదండీ,” అన్నాడు. అవతల ఒడ్డు పాశర్లపూడి, కనిపిస్తూనే ఉంది, కొబ్బరిచెట్ల కింద ఎవరో గొడుగు వేసుకుని నిలబడ్డారు. వాళ్ళూ ఇటు రావడానికి నీటికోసమే చూస్తున్నారు.

చేతిలో పూలదండ లేదు, ఏమీ లేదు. తెచ్చింది ఒక్క వాక్యం. ఏడు మాటలు. పన్నెండేళ్ళుగా దాన్ని దిద్దుతున్నాను, పిల్లల కాంపోజిషన్లు దిద్దినట్టు, ఒక మాట తీసి, మళ్ళీ పెట్టి. మొదట అది మాస్టారికి చెప్పాలనుకున్నాను. ఆయన వెళ్ళిపోయారు గనక ఇక వినవలసినవాడు లాజరు ఒక్కడే. అతనికి అంబాజీపేట వైపు కొబ్బరితోటల తెగుళ్ళు చూసే ఉద్యోగం, కబురందితే ఈ రేవుకే రావాలి. రాకపోతే బాగుండునని కూడా నాలో ఒక మూల ఉంది, దాన్ని లేదనను. ఆ వాక్యం ఇది. ఆ రోజు నీ స్లైడు కడిగింది నేనే, లాజరూ.

కూర్చున్న గట్టు మీద అటికమామిడి పాకి ఉంది. ఎక్కడ చూసినా ఇదే, కాలవగట్ల మీద, బళ్ళదారి పక్కన, స్కూలు గోడ కింద. కాడ తుంచితే చేతికి సన్నటి జిగురు. మా అమ్మ దీని ఆకు పప్పులో వేసేది. మాస్టారు తరగతిలోకి దీన్ని వేళ్ళతో సహా పట్టుకొచ్చిన రోజు నాకు నవ్వొచ్చింది, పప్పులో వేసే ఆకుని ఇంతదూరం వచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాలా అని. నా నవ్వు ఆయన చూశారు. “ఏమోయ్ పోలిరాజూ, మీ ఇంట్లో తిన్నావు గాని ఎప్పుడైనా చూశావా?” అన్నారు. చూడలేదు. దీని కాడని బెండుముక్క మధ్య బిగించి, కత్తితో అడ్డంగా, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, నీళ్ళలో తేల్చి, కుంచెతో ఎత్తి స్లైడు మీద పెట్టి, ఎర్రరంగు చుక్క వేసి చూస్తే నడిమధ్యన రెండు పెద్ద నాళాల కట్టలు కళ్ళజోడులా కనపడతాయి. వాటి చుట్టూ చిన్నచిన్న కట్టలు, వలయాలుగా. మొదటిసారి చూసినప్పుడు నేను కన్ను తీసి నా వేళ్ళమధ్య ఉన్న కాడని చూసుకున్నాను, మళ్ళీ కన్ను పెట్టాను. ఇంత పని దీనిలో ఎవరు చేశారు, ఎవరూ చూడకుండా. మాస్టారు నా వెనకాలే నిలబడి ఉన్నారు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే, వెనకాల కాసేపు నిలబడడం. అలా నిలబడ్డ రోజు నాకు అన్నం సయించేది కాదు, సంతోషానికి.

గంట కొట్టగానే ఆయన తలుపు గడియ పెట్టేసేవారు. అర నిమిషం ఆలస్యమైనా వరండాలోనే. కత్తి మొద్దుగా ఉంటే తోలుపట్టీ మీద రెండువందల సార్లు నూరించేవారు, లెక్క పైకి చెప్పించి. పెన్సిలు మొన సరిగా లేకపోతే గంటసేపు గోడవైపు నిలబెట్టేవారు, ఇరవయ్యేళ్ళ వాళ్ళమని చూసేవారు కారు. పుస్తకంలోంచి బొమ్మ దింపితే రికార్డు చించి మేడమీంచి కిటికీలోంచి విసిరేసేవారు. నా కాగితాలు ముళ్ళకంచె మీంచి ఏరుకున్న రోజులున్నాయి. జమీందారు గారి అబ్బాయివీ అలాగే విసిరేశారు, ఆ అబ్బాయి తండ్రి ఎవరో తెలిసే. మేమంతా భయపడేవాళ్ళం, తిట్టుకునేవాళ్ళం, కానీ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే ఆయన పేరే చెప్పేవాళ్ళం. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట. “చూసింది గియ్యండి. తెలిసింది గియ్యకండి.” నేను ఈ రోజుకీ పిల్లలకి అదే చెప్తున్నాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు నాకే వేరేవాడిదిలా వినపడుతుంది.

“ఏం సూరయ్యా, ఏటిలో నీరు కూడా నువ్వు బేరమాడి తెస్తావేంటి, ఇంతసేపూ?” అంటోంది గంపతో కూచున్న దుర్గమ్మ. రోజూ ఈ రేవు దాటి చేపలు అమ్ముకొస్తుంది. “నీ చేపలు ఈదుకుంటా ఎల్తాయిలేవే, గంప దించు,” అన్నాడు సూరయ్య. “ఎండుచేపలురా మగడా, అయ్యి ఈదితే నీ పడవెందుకు?” నలుగురూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చి మధ్యలో ఆగింది. సూరయ్య నావైపు చూసి గొంతు తగ్గించి, “మాణిక్యాలరావు గారికోసమేనాండి? మా పెరట్లో కొబ్బరిమొక్కలు ఆరు, ఆయన ఇచ్చినయ్యేనండి. పాతేటప్పుడు ఒరిగిందని తిట్టేరండి, అబ్బ, ఏం తిట్టేరండి. ఆరూ బతికేయండి,” అన్నాడు.

బతికించడం ఆయనకి తెలుసు. ఆ రోజు ఏమయిందో మళ్ళీ మొదటినుంచి చూస్తాను, తెలిసింది కాదు, చూసింది. యుద్ధం వల్ల గాజు రావడం లేదు. బల్లకి నాలుగే స్లైడులు. పని అయిపోయినవాడిది పక్కవాడు కడిగి వాడుకోవాలి. లాజరూ నేనూ ఒక బల్ల. అతను అప్పటికి బొమ్మ పూర్తిచేశాడు. స్లైడు తీసి వెలుగుకి పట్టి చూసి మైక్రోస్కోపు పక్కన పెట్టాడు, పెన్సిలు చెక్కుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నేను కోసిన ముక్క నీళ్ళలో తేలుతోంది, ఎక్కువసేపు నానితే పనికిరాదు, నా దగ్గర స్లైడు లేదు. అతనికి పని అయిపోయిందనుకున్నాను. బేసినులో ముంచి, బొటనవేలితో తుడిచి, నా ముక్క దానిమీద పెట్టుకున్నాను. అందులో దుర్బుద్ధి లేదు. ఇది నన్ను నేను వెనకేసుకు రావడం కాదు, కడిగినప్పుడు లేదనే చెప్తున్నాను. తరవాత వచ్చింది.

మాస్టారు మా బల్ల దగ్గర ఆగారు. లాజరు బొమ్మలో నడిమధ్యన రెండు కట్టలు ఉండవలసిన చోట మూడు ఉన్నాయి. పుస్తకంలో రెండే, అందరి రికార్డుల్లోనూ రెండే. “ఇదెక్కడ చూశావు?” “స్లైడులోనండి.” “చూపించు.” లాజరు వచ్చి వెతుకుతున్నాడు. బల్ల మీద, రికార్డు కింద, నేల మీద. “ఇక్కడే పెట్టేనండి,” అన్నాడు. మళ్ళీ అన్నాడు, “ఇక్కడే పెట్టేనండి.” నేను తల ఎత్తలేదు. నా కన్ను మైక్రోస్కోపు గొట్టానికి ఆనించి ఉంది, ఆ గొట్టం కింద ఉన్నది లాజరు స్లైడే, శుభ్రంగా కడిగి, నా రెండు కట్టలతో. ఒక్క మాట చాలు. గోడవైపు నిలబడడం, రికార్డు ముళ్ళకంచె మీద పడడం, అంతకన్నా నాకేమీ కాదు. “చూడనిది గీసి చూశానంటావా,” అన్న మాస్టారి గొంతు వినపడేసరికి తల ఎత్తాను. సగం వెలుగులో చెయ్యి లేచింది. ఆయన చేసింది తప్పు. ఆయన మీద నాకున్న గౌరవం ఎంతైనా ఆ తప్పుని చిన్నది చెయ్యలేదు, ఆ గౌరవాన్ని ఆ తప్పు కూడా చిన్నది చెయ్యలేదు. రెంటినీ ఒకేచోట ఉంచుకుని బతకడం అలవాటయింది.

విద్యార్థులు నాలుగు రోజులు తరగతులు మానేశారు. ముగ్గురు పెద్దలతో విచారణ పెట్టారు. బల్ల దగ్గర ఉన్నది నేనే గనక నన్ను రాసిమ్మన్నారు. నేను మైక్రోస్కోపులో చూస్తున్నాను, కొట్టడం నేను చూడలేదు, అని రాశాను. మాస్టారిని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన గొప్పవారని నాకు తెలుసు, తెలిసిందే రాశాను. నిజానికి ఆ కాగితంలో నేను దాచుకున్నది నన్నే, బల్ల గురించి ఇంకో ప్రశ్న రాకుండా. విచారణ రోజున ఆ కాగితం చదివి వినిపించారు. మాస్టారు లేచి నిలబడి, “ఈ కుర్రాడు చూశాడు. చూసింది రాయమని మూడేళ్ళు చెప్పాను, నేర్పలేకపోయాను. కొట్టాను, రెండు దెబ్బలు,” అన్నారు. నావైపు కోపంగా చూసి ఉంటే బాగుండేది. సందేహంగా చూశారు, సరిగా కుదరని ముక్కని చూసినట్టు.

ఆ తరవాత సంచీలోంచి ఒక స్లైడూ ఒక బొమ్మా తీసి బల్ల మీద పెట్టారు. మూడు వారాలుగా, మేడకింద ఆ ముళ్ళకంచె దగ్గర్నుంచే అటికమామిడి తెచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన కాడలు కోస్తూనే ఉన్నారట. నాలుగువందల పైచిలుకు ముక్కలు. ఒకదానిలో మూడు కట్టలు ఉన్నాయి. “లాజరు అబద్ధం చెప్పలేదు. వెతకవలసింది నేను, వెతక్కుండా కొట్టాను,” అన్నారు. ఆ స్లైడు ఆయన పారేసి ఉంటే అడిగేవాడు లేడు. విచారం వెలిబుచ్చుతూ ఒక ముక్క రాసిస్తే చాలునని ఆ పెద్దలు అప్పటికే అనుకుని వచ్చారు, వాళ్ళ ముఖాల్లోనే తెలుస్తోంది. ఆయన రాసిచ్చింది రాజీనామా. తన మీద తనే సాక్ష్యం తయారుచేసుకోవడానికి మూడు వారాలు కత్తి నూరుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చూస్తాననుకోను.

రాజోలు దగ్గర లాజరు వాళ్ళ పేటకి ఆయన వెళ్ళినప్పుడు నన్ను తోడు రమ్మన్నారు. ఎందుకు నన్నే రమ్మన్నారో ఇప్పటికీ తెలియదు. లాజరు తల్లి జ్ఞానమ్మ పెరట్లో తాటాకు చీలుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. ఆయన ఎండలో చేతులు కట్టుకుని నిలబడి, “మీ అబ్బాయిని కొట్టింది నేనమ్మా,” అన్నారు. ఆవిడ తాటాకు చీల్చడం ఆపలేదు. “చెవి తెచ్చేరా బాబూ?” అంది. అంతే. తరవాత ఆవిడే లేచి బొండం కొట్టబోయింది. మా బోటివాళ్ళు ఆ పేటకి వెళితే ఇచ్చేది బొండమే, అందులో నీళ్ళకి ఎవరి చెయ్యీ తగలదు గనక అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ ఇబ్బంది లేదు. మాస్టారు, “బొండం వద్దమ్మా, కుండలో నీళ్ళివ్వు,” అన్నారు. జ్ఞానమ్మ కత్తి చేతిలో పట్టుకుని ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ముంత కడిగి ముంచి తెచ్చింది. “తాగండి. తాగేరని నా కోపం పోదు,” అంది. “పోకూడదమ్మా,” అన్నారాయన, తాగేశాక. నాకూ ఇచ్చింది. నేను రెండు గుక్కలు తాగి ఆపేశాను. ముంత వల్ల కాదు.

అప్పుడు చెప్పవలసింది. ఆ పెరట్లో, ఆ ఎండలో, ముగ్గురం ఉన్నాం, ముంత చేతిలో ఉంది.

ఆ తరవాత మాస్టారు మామిడికుదురు వచ్చేసి కొబ్బరిమొక్కలు పెంచారు. పదిమంది పిల్లలు వాకిట్లో చదువుకునేవారు. ఒక్కరి మీదా చెయ్యి ఎత్తలేదు. కోపం వస్తే కుడిచెయ్యి ఎడమచెయ్యితో పట్టుకుని నిలబడేవారు, అది చూసిన పిల్లలు పుస్తకాల్లోకి తలలు దించేసేవారు, అదెందుకో తెలియకుండానే. నేను కూడా ఏ పిల్లవాడినీ కొట్టలేదు, అది నా మంచితనం అనుకుంటారు మా స్కూల్లో. ఏడాదికి రెండుమూడు సార్లు ఆయన్ని చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. పోయిన వినాయకచవితి వెళ్ళిన మర్నాడు, అరుగు మీద మొక్కల వేళ్ళు చూస్తూ, తల ఎత్తకుండా, “ఆ స్లైడు ఏమయి ఉంటుందంటావోయ్, పోలిరాజూ?” అన్నారు. పన్నెండేళ్ళలో ఆ ఒక్కసారే అడిగారు. గాలికి కొబ్బరాకులు గలగలలాడుతున్నాయి. “తెలీదండీ,” అన్నాను. ఆయన ఇంకో మొక్క తీసుకున్నారు. నా వెనకాల నిలబడడానికి అప్పుడాయన లేవలేదు.

సైకిలు గంట. లాజరు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. యూనివర్సిటీలో నన్ను ఒరేయ్ అనేవాడు, ఈ సీమకి తిరిగి వచ్చాక రాజుగారండి అంటున్నాడు. వద్దని చాలాసార్లు చెప్పాను. ఊళ్ళో ఉండాలి కదండీ అంటాడు. “పోటు తగల్లేదాండి ఇంకా?” “ఇంకో పావుగంట.” సైకిలు చెట్టుకి ఆనించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఎడమ చెవి నావైపు ఉండేలా. ఎప్పుడూ అలా కూర్చోడు, ఈ వేళ మనసు సరిగా లేదు.

“నెలకితం చూడ్డానికి ఎల్లేనండి,” అన్నాడు నీటివైపు చూస్తూ. “అప్పటికే లేవలేకపోతన్నారు. దగ్గరికి పిలిచి ఈ చెవివైపు ఒరిగేరండి, కుడివైపు. ‘ఆలోచించగా నాకు తెలిసింది లాజరూ, నీ రికార్డు తీసినప్పుడు నా చెయ్యే తగిలి ఆ స్లైడు కిందపడి ఉంటుంది, ఎవరో తుడిచేసి ఉంటారు. అదీ నా తప్పే,’ అన్నారండి. నేనేమనాలండి? అమ్మకి చెప్పేను. కొట్టిన చెయ్యి మర్చిపోలేదు, ఆ మనిషినీ మర్చిపోలేను అంది.” కళ్ళు తుడుచుకున్నాడు. “నాకూ అంతేనండి.”

నా తప్పు కూడా ఆయనే మోసుకుని వెళ్ళిపోయారు. చూడనిది గియ్యని మనిషి, చివర్లో ఒక్కటే బొమ్మ చూడకుండా గీశారు, అది నేను గీయించాను. సముద్రం వైపునుంచి నీరు తిరిగింది. బురద మీద సన్నటి పొర, అటికమామిడి కాడని దాటి ఒక పురుగు పాకుతోంది, పడవ అంచు కింద నీరు చప్పరించడం వినపడుతోంది. లాజరు చెవి నాకు జానెడు దూరంలో ఉంది. చెప్పాను. ఏడు మాటలూ చెప్పాను, వరసగా, ఒకటీ మింగకుండా. అతను నీటివైపే చూస్తున్నాడు.

ఓరగా నా పెదవులు కదలడం కంటపడింది కాబోలు, ఇటు తిరిగాడు. “ఏటన్నారండి? అది పనిచేసే చెవి కాదు కదండీ, ఉండండి.” లేచి, నా ముందునుంచి దాటి, అటుపక్కకి వచ్చి, కుడి చెవి నాకు దగ్గరగా ఆనించి కూర్చున్నాడు. అతని ముఖంలో ఎదురుచూపు తప్ప ఏమీ లేదు. “ఇప్పుడు చెప్పండి.”

“పోటు తగిలింది అంటున్నాను.”

“ఆయ్, తగిలిందండి.” సైకిలు తేవడానికి వెళ్ళాడు.

పడవలో ఎక్కువమంది లేరు. సూరయ్య గడ వేస్తున్నాడు. అవతల గొడుగు మనిషి దగ్గరవుతున్నాడు. లాజరు నా ఎడమపక్కనే నిలబడి ఉన్నాడు, మంచి చెవి నావైపే. పాశర్లపూడి ఒడ్డు తగిలేదాకా అలాగే నిలబడ్డాడు. మామిడికుదురు దాకా సైకిళ్ళు పక్కపక్కనే తొక్కాం. మేము వెళ్ళేసరికి ఇంకా ఎత్తలేదు. మాస్టారి కుడిచెయ్యి ఎడమచేతి కింద ఉంది. ఎవరో అలా పెట్టారు. లాజరు కాళ్ళకి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

స్లైడు కడిగింది నేనేనని లాజరుకి ఇంకా చెప్పలేదు.